తెల్ల దారాలు: నెల్లూరు జిల్లా రొయ్యల ల్యాబు వెబ్‌సైటు గూగుల్‌లో పైకి వచ్చిన తీరు – ఒక కేస్ స్టడీ

కోవూరు, ఇందుకూరుపేట ప్రాంతాల రొయ్యల రైతులకు నీటి పరీక్షలు, రొయ్యల వ్యాధి పరీక్షలు చేసిపెట్టే ఒక ల్యాబు వెబ్‌సైటు బాధ్యతను 2023 వేసవిలో తీసుకున్నాను. యజమాని నన్ను పిలిపించిన రోజు చెప్పింది ఒకే మాట: "నెల్లూరులో రొయ్యల టెస్టింగ్ ల్యాబు అని కొడితే మా పేరు మూడో పేజీలో కూడా రావట్లేదబ్బాయా. సైటు పెట్టి ఆరేళ్లయింది, డబ్బులు కట్టని సంవత్సరం లేదు." ఆయన కోరిక మేరకు ల్యాబు పేరును, క్లిక్కుల సంఖ్యలను ఇక్కడ ఇవ్వడం లేదు. ఏ పని ఎందుకు చేశామో, ఏది ఫలించిందో, ఏది బెడిసికొట్టిందో మాత్రం దాచకుండా రాస్తున్నాను.

ముందుగా ఈ వ్యాపారంలో వెతికేవాడు ఎవరో చెప్పాలి. 2009లో మన దేశంలో వెనామీ అనే రొయ్య రకం సాగుకు అనుమతి వచ్చాక ఈ తీరంలో చెరువుల లెక్కే మారిపోయింది. వెనామీ రైతు రాత్రి చెరువు గట్టు మీద, నీటికి గాలి అందించే ఏరియేటర్ల చప్పుడు మధ్య ఫోను పట్టుకుని వెతుకుతాడు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోయిన రాత్రి ఆయనకు నిద్ర పట్టదు. కాబట్టి ఆయన టైపు చేసేది రోగం పేరు కాదు, తన కంటికి కనిపించినదే. ఆ తర్వాత ఏడాదికి పైగా మేము చేసిన పని అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

బొమ్మలుగా మారిన పాఠాలు

సైటులో సరుకు తక్కువేమీ కాదు. ల్యాబులో పనిచేసే మత్స్యశాస్త్ర పట్టభద్రుడు రాసిన 37 తెలుగు వ్యాసాలు అందులో ఉన్నాయి. వైట్ స్పాట్, లూజ్ షెల్, విబ్రియో, అమోనియా, నైట్రైట్, చెరువు తయారీ వంటి విషయాల మీద రాసిన ఆ వ్యాసాలు చాలా మటుకు నిక్కచ్చిగా ఉన్నాయి. అయినా గూగుల్ సైటు యజమానులకు ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరిచి చూస్తే వీటిలో అధిక భాగం "క్రాల్ అయింది, ప్రస్తుతానికి ఇండెక్స్ కాలేదు" అన్న పద్దు కింద పడి ఉన్నాయి. అంటే గూగుల్ వచ్చి, చూసి, తీసుకోదగినది ఏమీ కనబడక వెళ్లిపోయిందన్నమాట.

కారణం తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేవీ అవసరం కాలేదు. ఒక వ్యాసం తెరిచి, మౌసుతో ఒక వాక్యాన్ని ఎంచుకుని కాపీ చేయబోయాను. వాక్యం చిక్కలేదు, పేజీ మొత్తం ఒక బొమ్మగా నీలం రంగులోకి మారింది. రైతు సదస్సుల్లో పంచడానికి అచ్చు వేయించిన కరపత్రాలను స్కాన్ చేసి అలాగే ఎక్కించారు. 26 వ్యాసాల సంగతి ఇది. మిగిలిన 11 పీడీఎఫ్‌లు. వాటిలో అక్షరాలు ఎంచుకోవడానికి చిక్కాయి కానీ, నోట్‌ప్యాడులో అతికిస్తే ఏ భాషో తెలియని గీతలు, గుర్తులు, లాటిన్ అక్షరాలు వచ్చాయి. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన అను ఫాంట్లలో కంపోజు చేసిన ఫైళ్లు అవి. ఆ ఫాంటు ఉన్న చోట కంటికి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్న సంకేతాలు మాత్రం తెలుగువి కావు. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కో సంకేతం కేటాయించిన యూనికోడ్‌లో తెలుగుకు విడిగా ఒక గడి ఉంది, గూగుల్‌కు తెలిసిన తెలుగు ఆ గడిలోని తెలుగే. పాత ఫాంటులో రాసిన "రొయ్య" మనకు రొయ్యే, యంత్రానికి మాత్రం అర్థం లేని గుర్తుల వరుస.

యజమానికి దీన్ని వివరించడం కన్నా చూపించడమే తేలికైంది. ఆయన ఎదురుగానే తమ సైటు చిరునామాతో సైట్ కోలన్ పద్ధతిలో (ఒకే సైటులోని పేజీలను మాత్రమే చూపే వెతుకులాట) వెతికి, ఫలితం కింద గూగుల్ చూపిన రెండు లైన్ల పిచ్చి అక్షరాలను చదవమన్నాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని కాసేపు చూసి, "ఇదేనా మనం రైతులకు చెప్తా ఉండేది?" అన్నారు. ఆ తర్వాత టైపింగు ఖర్చు గురించి మా మధ్య చర్చ జరగలేదు.

ఫాంటు మార్పిడి సాధనాలతో 11 పీడీఎఫ్‌లను యూనికోడ్‌లోకి తెచ్చాము. ఆ సాధనాలు వత్తులను, ఏత్వాలను తారుమారు చేస్తాయి కాబట్టి ప్రతి పేజీని అచ్చు ప్రతితో సరిచూడవలసి వచ్చింది. బొమ్మలుగా ఉన్న 26 వ్యాసాలను మాత్రం మళ్లీ కూర్చుని టైపు చేయించాము. ఫోటోలోంచి అక్షరాలను పట్టే సాధనాలు తెలుగులో ఈమధ్య బాగానే మెరుగుపడ్డాయి, అయితే మోతాదుల దగ్గర ఒక చుక్క పోతే 0.5 కాస్తా 5 అవుతుంది. చెరువులో వేసే మందు విషయంలో ఆ సాహసం చేయదలచుకోలేదు.

కౌంటరు మీద నోటుబుక్కు

టైపింగు సాగుతుండగా నేను ల్యాబు కౌంటరు దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాను. నా వృత్తిలో కీవర్డు పరిశోధన (జనం ఏ మాటలతో వెతుకుతారో తెలుసుకోవడం) అంటే సాధనాలు చూపే జాబితాలే అన్న అలవాటు బలంగా ఉంది. తెలుగు ప్రశ్నల విషయంలో ఆ జాబితాలు చాలా పలచన, జిల్లా స్థాయి వ్యాపారాలకైతే దాదాపు ఖాళీ. ఆ లోటును తీర్చింది టెక్నీషియన్ దగ్గరున్న పొడుగాటి నోటుబుక్కు. ఫోను చేసిన ప్రతి రైతు ఊరు, చెరువులో రొయ్య పిల్ల వేసి ఎన్ని రోజులైంది, కంప్లయింటు ఏమిటి అన్నది ఆయన ఏ రోజుకారోజు రైతు మాటల్లోనే రాసిపెట్టుకునేవారు.

రెండో రోజు ఉదయం ఒక పెద్దాయన పాలిథిన్ సంచిలో గాలి నింపి తెచ్చిన రొయ్యలను బల్ల మీద పెట్టి, "తెల్ల దారాలు తేలతా ఉండాయి సార్, గాలి వాటున మూలకి చేరినాయి" అన్నారు. టెక్నీషియన్ తలెత్తకుండానే నోటుబుక్కులో "తెల్ల దారాలు, మూల" అని రాసుకుని, పీసీఆర్ (జన్యు పదార్థాన్ని బట్టి రోగకారకాన్ని పట్టే పరీక్ష) కోసం నమూనా తీశారు. రొయ్యల మలం తెల్లటి దారాలుగా తేలే ఈ జబ్బు మీద సైటులో చక్కటి వ్యాసం ఉంది. దాని శీర్షిక "వైట్ ఫీకల్ సిండ్రోమ్ – కారణాలు, నివారణ". వ్యాసం మొత్తంలో "దారాలు" అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

మూడు నెలల నోటుబుక్కును కంప్యూటరులోకి ఎక్కించి చూస్తే రాసిన మాటకు, అడిగిన మాటకు మధ్య ఎంత దూరం ఉందో తెలిసింది. వ్యాసం "పెరుగుదల లోపం" అంటుంది, రైతు "గిడసబారినాయి" అంటాడు. వ్యాసం "పరిమాణంలో వ్యత్యాసం" అంటే, రైతు "చిన్నా పెద్దా పడతా ఉండాయి" అంటాడు. వ్యాసం హెక్టార్లలో లెక్క చెబితే, రైతుకు తెలిసింది ఎకరం. జిల్లా పేరు సంగతీ అంతే. సైటు అంతటా "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా" అని గౌరవంగా పూర్తి పేరు రాశారు, వెతికేవాళ్లు ఎవరూ అంత పేరు టైపు చేయరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, సైటులో మాత్రం ఏడాది దాటినా ప్రకాశంలోనే ఉండిపోయింది. అక్కడి రైతులు అలవాటు కొద్దీ రెండు రకాలుగానూ వెతుకుతున్నారు కాబట్టి, ఆ పేజీలో మార్పు జరిగిన సంగతిని ఒక వాక్యంలో చెప్పి రెండు పేర్లకూ చోటు ఇచ్చాము.

సెర్చ్ కన్సోల్‌లో రెగెక్స్ (అక్షరాల నమూనాను బట్టి ఏరే) వడపోతతో ప్రశ్నలను మూడు కుప్పలుగా విడదీశాను: తెలుగు లిపిలో వచ్చినవి, ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు, అచ్చంగా ఇంగ్లిషు. వేళ్లతో టైపు చేసేవారు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు. మైకు నొక్కి మాట్లాడేవారి ప్రశ్నలు తెలుగు లిపిలో, పూర్తి వాక్యాలుగా వస్తాయి: "రొయ్యలు మేత తినట్లేదు ఏం చేయాలి" అన్నట్టుగా. వ్యాసాల్లో ఉపశీర్షికలను మైకులో పలికే ఈ వాక్యాల పద్ధతిలో తిరగరాయించాము. శాస్త్రీయ నామాలను తీసివేయలేదు. "తెల్ల దారాలు తేలడం" అన్న శీర్షిక కింద మొదటి పేరాలోనే, ల్యాబు వాళ్లు దీన్ని వైట్ ఫీకల్ అంటారని, తరచుగా ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవితో ముడిపడి ఉంటుందని చెప్పించాము. రైతు మాటతో లోపలికి వచ్చినవాడు పరీక్ష పేరుతో బయటకు వెళ్లాలన్నది మా ఉద్దేశం.

నేను చేసిన తప్పు

పేజీల చిరునామాలను కూడా తెలుగులోనే పెడదామన్నది నా ఆలోచన. గూగుల్ దానికి అభ్యంతరం చెప్పదు, బ్రౌజరు పట్టీలో చూడటానికీ ముచ్చటగా ఉంటుంది. 37 వ్యాసాలకూ అలాగే చేశాను. పది రోజులు తిరక్కుండానే ల్యాబుకు ఫోన్లు మొదలయ్యాయి. వ్యాసం లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే తెలుగు అక్షరాల స్థానంలో శాతం గుర్తులు, అంకెలతో మూడు నాలుగు లైన్ల చాంతాడు వెళ్తోంది. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారుతుంది. "రొయ్యలు" అన్న మాటలో ఉన్న 7 సంకేతాలు ఆ లెక్కన 63 గుర్తులవుతాయి. అల్లూరు నుంచి ఒక కుర్రాడు ఫోను చేసి, "మా మామకి ఏదో వైరస్ లింకు వచ్చింది, మీ పేరుతోనే ఉంది, నొక్కమంటారా వద్దంటారా?" అని అడిగాడు. వైట్ స్పాట్ వైరస్ మీద రాసిన వ్యాసమే అది.

రైతుల మధ్య సమాచారం తిరిగేది వాట్సాప్ గ్రూపుల్లోనే కాబట్టి వెనక్కి తగ్గక తప్పలేదు. చిరునామాలను ఇంగ్లిషు అక్షరాల్లో, చిన్న తెలుగు మాటలతో మళ్లీ మార్చి, పాత చిరునామా నొక్కినవారిని శాశ్వతంగా కొత్తదానికి పంపే 301 దారి మళ్లింపులు పెట్టాను. ఇక్కడ జాగ్రత్త పడిన విషయం ఒకటుంది: మొదటి పాత చిరునామా తెలుగు చిరునామాకు, అది మళ్లీ కొత్త చిరునామాకు మళ్లే గొలుసును ఉంచకుండా, రెండింటినీ నేరుగా చివరి చిరునామాకే కలిపాను. ఏమైనా రెండు నెలల వ్యవధిలో రెండుసార్లు చిరునామాలు మార్చడం వల్ల ర్యాంకులు కొంత ఊగిసలాడాయి. ఆ ఆలస్యం పూర్తిగా నా ఖాతాలోనిదే.

మండలానికి ఒక పేజీ

నాకు ముందు పనిచేసిన ఒక ఏజెన్సీ, 30 రోజుల్లో మొదటి పేజీ అని హామీ ఇచ్చి, మండలానికి ఒకటి చొప్పున పేజీలు తయారుచేసి పెట్టింది. అన్నిటిలోనూ అదే పాఠం, మండలం పేరు మాత్రం మారుతుంది. సముద్రం కంటపడని, రొయ్యల చెరువు ఊసే లేని ఉదయగిరి పేరు మీద కూడా "మీ ఊరి నమ్మకమైన రొయ్యల ల్యాబు" అన్న పేజీ ఉంది. ఇలాంటివాటిని గూగుల్ తన స్పామ్ నియమాల్లో డోర్‌వే పేజీలు అంటుంది. వీటిని తీసేద్దామంటే యజమాని మొదట ఒప్పుకోలేదు, డబ్బు పెట్టి కట్టించిన గోడను కూల్చమన్నట్టుగా ఉందన్నారు. ఆ పేజీలకు ఆరు నెలలుగా వచ్చిన క్లిక్కుల నివేదికను తీసి ముందు పెట్టాక ఒప్పుకున్నారు.

వాటి స్థానంలో ఒకే ఒక పేజీ పెట్టాము. ల్యాబు మనిషి నమూనాల కోసం వారంలో ఏ రోజు ఇందుకూరుపేట, విడవలూరు వైపు వెళ్తాడో, ఏ రోజు ముత్తుకూరు, తోటపల్లిగూడూరు వైపు, ఏ రోజు కావలి, బోగోలు వైపు వెళ్తాడో, సంచిలో ఎన్ని రొయ్యలు పెట్టాలో, ఏ వేళకు పట్టి ఉంచాలో అందులో ఉంది. నకలు పేజీలన్నీ కలిసి తేలేని ఫోన్లను ఈ ఒక్క పేజీ తెచ్చింది. అదే ఏజెన్సీ పరాయి భాషల జూదం సైట్ల నుంచి కొనిపెట్టిన లింకులు కూడా కొన్ని కనిపించాయి. సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) ఏదీ లేదు కాబట్టి వాటి జోలికి పోలేదు, ఆ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే డిసవౌ సాధనాన్ని వాడలేదు. పేజీ కోడులో చదువరికి కనబడకుండా ఉండే మెటా కీవర్డుల ట్యాగులో కుక్కిన వందల మాటలను మాత్రం తుడిచేశాను, గూగుల్ ఆ ట్యాగును ర్యాంకులకు వాడదని 2009లోనే చెప్పింది.

గూగుల్ మ్యాపులో ల్యాబు గుర్తు పాత అద్దె భవనం మీదే ఉండిపోయింది. దాన్ని సరైన చోటికి మార్చి, పని వేళలు సరిచేసి, ల్యాబు పేరు వెనుక ఎవరో తగిలించిన "బెస్ట్ రొయ్యల ల్యాబ్ ఇన్ నెల్లూరు" అన్న తోకను కత్తిరించాము. స్థానిక ఫలితాలకు గూగుల్ చూసేవి ప్రశ్నకు పొంతన, దూరం, ప్రాచుర్యం. మన చేతిలో లేని దూరం కూడా గుర్తు తప్పు చోట ఉంటే మనకు ఎదురు తిరుగుతుంది. పేరులో కీవర్డులు జోడించడం నియమాలకు విరుద్ధం, పట్టుబడితే మ్యాపులోని ల్యాబు ప్రొఫైలే నిలిచిపోతుంది.

గట్టు మీద వేగం

ఆఫీసు వైఫైలో సైటు బాగానే తెరుచుకునేది. మైపాడు దారిలో ఒక చెరువు గట్టు మీద నిలబడి, టెక్నీషియన్ ఫోనులో తెరిస్తే తెల్ల తెరే మిగిలింది. మొదటి పేజీలో కదిలే అయిదు పెద్ద ఫోటోలు, వాటికి తోడు ఒక భారీ తెలుగు వెబ్ ఫాంటు దీనికి కారణం. ఫోటోలు మూడింటిని తీసేసి మిగిలినవాటిని కుదించాము. ఫాంటు విషయంలో తెలుగుకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. వత్తులు, గుణింతాల వల్ల తెలుగు ఫాంటు ఫైళ్లు బరువుగా ఉంటాయి, అవి ఆలస్యంగా దిగినప్పుడు లైను ఎత్తు మారి పేజీ మొత్తం కిందికి జారుతుంది, చదువుతున్న వాక్యం వేలి కింద నుంచి తప్పిపోతుంది. అలంకారం మానుకుని ఫోనులో ముందే ఉన్న తెలుగు ఫాంటునే వాడుకోవడంతో ఆ జారుడు పోయింది. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్న గూగుల్ కొలతను మా పరీక్షల్లో అందుకున్నాము.

మందు పేజీ మీద తగువు

ఎక్కువమంది వెతికే మాటల్లో "ఈహెచ్‌పీకి మందు" ఒకటి. యజమాని ప్రోబయోటిక్స్ (చెరువులో వాడే మేలు చేసే సూక్ష్మజీవుల సరుకు) కూడా అమ్ముతారు కాబట్టి ఆ శీర్షికతో ఒక పేజీ పెట్టి, కింద తమ సరుకు బొమ్మ వేద్దామన్నారు. చెరువులో ఈహెచ్‌పీ సోకిన రొయ్యను నయం చేసే నిరూపితమైన మందు లేదని రాసేది ఆయన ల్యాబు మనిషే. ఈ విషయం మీద రెండు సమావేశాలు జరిగాయి. చివరికి శీర్షికలో రైతు ప్రశ్నను అలాగే ఉంచి, మొదటి వాక్యంలోనే "మందు లేదు" అని చెప్పి, ఏం చేయవచ్చో ఆ కింద రాయించాము: పిల్లను కొనే ముందు పీసీఆర్ పరీక్ష, రొయ్యల పట్టుబడి తర్వాత చెరువు అడుగు ఎండబెట్టడం, హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం, అంటే ఎకరానికి సుమారు రెండున్నర టన్నులు, నేలలో కలిపి తడపడం. పేజీ చివర రాసినవారి పేరు, చదువు, మైక్రోస్కోపు కింద వాళ్లే తీసిన ఫోటో పెట్టాము. సరుకు బొమ్మ వేయలేదు.

ఈ పేజీ, "తెల్ల దారాలు" పేజీ రెండూ నాలుగో నెల ముగిసేలోగా తెలుగు ప్రశ్నలకు మొదటి పేజీలోకి వచ్చాయి. నయం చేస్తామని చెప్పే పేజీలు ఆ ఫలితాల్లో ఇంకా ఉన్నాయి, మాది వాటి పైన ఉంది. 2024 మార్చిలో గూగుల్ పెద్ద నవీకరణ తెచ్చి, మూకుమ్మడిగా తయారుచేసిన పేజీల మీద కొత్త నియమం ప్రకటించినప్పుడు యజమాని ఆందోళనతో ఫోను చేశారు. ఆ సమయానికి మండలాల పేజీలు సైటులో లేవు, మాకు ఏ నష్టమూ జరగలేదు.

మధ్యలో ఒక విచిత్రం కూడా జరిగింది. అయిదో నెల నివేదికలో సగటు స్థానం అంతకు ముందుకన్నా దిగజారింది. యజమాని కాగితం పట్టుకుని, "పైకి తెస్తానని కిందికి తోసినావే" అన్నారు. ఇంతకుముందు సైటు తన సొంత పేరుకు మాత్రమే కనిపించేది, అక్కడ స్థానం ఎప్పుడూ ఒకటి. ఇప్పుడు వందల కొత్త ప్రశ్నలకు రెండో పేజీలో, మూడో పేజీలో కూడా కనిపించడం మొదలైంది, అన్నిటినీ కలిపి సగటు తీస్తే అంకె పెరిగింది. ఆ రోజు నుంచి సగటు స్థానాన్ని నివేదికలోంచి తీసేసి, ఎంచుకున్న 20 ప్రశ్నలను విడివిడిగా చూపుతున్నాను. అంతకన్నా మంచి కొలత యజమానే కనిపెట్టారు: నోటుబుక్కులో "ఎట్లా తెలిసింది" అని ఒక గడి గీయించారు.

పనికిరాకుండా పోయిన ప్రయత్నం రోజువారీ రేట్ల పేజీ. 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు తూగే సైజు) ఎంత, 30 కౌంట్ ఎంత అని వెతికేవాళ్లు లెక్కకు మించి ఉంటారు, ఆ జనాన్ని చూసి నేనూ ఆశపడ్డాను. రేటు ప్రతి ఉదయం మార్చడానికి ల్యాబులో మనిషి లేడు, రెండు రోజుల పాత రేటు చూసిన రైతు తక్కిన పేజీలను కూడా నమ్మడు. పైగా రేటు చూసిపోయేవాడు నమూనా తేడు. నెలన్నరకు ఆ పేజీని తీసేశాము.

ఈ ప్రాంతంలో వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాల్లోనే కాబట్టి, అక్టోబరు వచ్చేసరికి ప్రశ్నలు సలినిటీ (నీటిలో ఉప్పదనం) పడిపోవడం, పీహెచ్ మారడం, ఆక్సిజన్ వైపు మళ్లుతాయి. ఆ వ్యాసాలను సెప్టెంబరులోనే సరిచూసి ఉంచడం ఇప్పుడు ల్యాబు పనుల్లో ఒకటైంది. పోయిన నెల నోటుబుక్కులో "గిడసబారినాయి" అన్న మాట పక్కన టెక్నీషియన్ ఎర్ర సిరాతో పదకొండు గీతలు గీసి నాకు ఫోటో పంపారు. "పెరుగుదల లోపం" వ్యాసం శీర్షికను అలాగే వదిలేసిన సంగతి అప్పుడు గమనించాను. ఆ శీర్షికను గత గురువారం మార్చాము, గూగుల్ ఆ పేజీని ఇంకా మళ్లీ చదవలేదు.